వేడి లేని వెలుతురు

"చెయ్యి తియ్యి," అన్నాడు భర్త.

కోడలు తియ్యలేదు. స్విచ్ మీద అరచెయ్యి బోర్లించి, గోడకు వీపు ఆనించి నిలబడింది. మామగారి పనిబల్ల మీద, రేకు మూత కింద, పాత బల్బు పసుపుపచ్చగా వెలుగుతూనే ఉంది.

వెలుగుతున్న బల్బును విప్పేంత తెలివితక్కువవాడు కాదు అతను. వీధి దీపాల విభాగంలో పని. స్విచ్ ఆర్పకుండా హోల్డరు ముట్టుకోవద్దని రోజూ పదిమందికి చెప్పేవాడు. అందుకే ఒక చేతిలో కొత్త ఎల్ఈడీ బల్బు, ఇంకో చేతిలో గుడ్డపీలిక పట్టుకుని, పెళ్ళాం చెయ్యి తీస్తుందని చూస్తున్నాడు.

ఆదివారం నాడు చిన్న మాటగా మొదలైందిది. చిలికి చిలికి గాలివాన అయింది. ఇప్పుడు భోజనం దగ్గర కూడా మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. ఉప్పు కావాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పుకుంటున్నారు. ఊళ్ళో వీధి దీపాలన్నీ తన చేతుల మీదుగా మార్చినవాడు, అందరూ ముద్దుగా 'దీపాల దొర' అని పిలుచుకునేవాడు, సొంత ఇంట్లో ఒక్క బల్బు మార్చలేకపోతున్నాడు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అన్నారా?

"అసలు నీ బాధేమిటో చెప్పు ముందు," అన్నాడు.

ఆమె చెప్పిందే మళ్ళీ చెప్పింది. మామయ్యకు ఈ బల్బు అలవాటు. పొద్దున్నే సూది పట్టేముందు వేళ్ళు దీని దగ్గరే కాచుకుంటారు.

అది అబద్ధం కాదు. మామగారిది రఫ్ఫు పని. చిరిగిన కోటు లోపలి అంచులోంచే పోగులు లాగి, చిరుగు మీద ఒక్కో పోగూ పైకీ కిందకీ నేసుకుంటూ పోయి, చిరిగింది ఇక్కడని కోటు సొంతదారు కూడా పోల్చుకోలేనట్టు చేసే పని. వేళ్ళు బిగుసుకుంటే అది సాగదు. అందుకని ఆయన రోజూ బల్బు చుట్టూ రెండు అరచేతులూ పట్టి, కీళ్ళు వదులయ్యేదాకా కూర్చుని, అప్పుడు సూదిలోకి దారం ఎక్కిస్తారు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు.

"నేను మొత్తుకునేదీ అదే," అన్నాడు భర్త. "ఆ వేడి ఎక్కణ్ణించి వస్తోందనుకున్నావు? మనం వాడే కరెంటులోంచి. అది తినేదాంట్లో పిసరంత వెలుతురవుతుంది, మిగతాదంతా వేడైపోతుంది. మనం కొన్నది దీపమా, కుంపటా?"

ఇక అందుకున్నాడు. ఈ కొత్తది ఆ పాతది తినే కరెంటులో ఐదోవంతుతో అంతకు మించిన వెలుతురిస్తుంది. ఏళ్ళ తరబడి మాడిపోదు. కళ్ళ ముందు రెపరెపలాడదు. ఎండాకాలంలో నాన్న బట్టతల మీద నిప్పులు పోయదు. ఆస్పత్రి వెనక సందులో ఒకప్పుడు మనిషి మొహం మనిషికి కనిపించేది కాదు, ఇవి పెట్టాక పని దిగిన నర్సులు ఒంటరిగా, ధీమాగా నడిచి వెళుతున్నారు. అంత చేసినవాణ్ణి, నాన్న బల్ల మీద మాత్రం ఈ గుడ్డిదీపం వేలాడుతుంటే నలుగురూ నన్నేమనుకుంటారు? వేళ్ళకంటావా, వేడినీళ్ళ సంచి ఒకటి కొనిపడేస్తాను.

ప్రతి మాటా నిజమే. అదే ఆమెకొచ్చిన చిక్కు. తప్పు మాటకైతే ఎదురు చెప్పొచ్చు, న్యాయమైన మాటకు ఏమని చెబుతుంది పాపం? మింగలేక, కక్కలేక, చెయ్యి మాత్రం తియ్యకుండా నిలబడింది.

అసలు సంగతి వేరే ఉంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

అత్తగారు పోయాక మామగారు ఈ గదిలోనే, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. అంతే, ఇటు తిరగలేదు. కంచం పెడితే ఆకలి లేదమ్మా అనేవారు. డాక్టరొచ్చి చూసి, రోగమేమీ లేదు, మనిషికి లేవాలని లేదు, మందు మా దగ్గర లేదు అని చెప్పి వెళ్ళిపోయాడు. రోజురోజుకూ మనిషి మంచానికి అతుక్కుపోతుంటే కొడుకూ కోడలూ చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు వచ్చింది పెద్ద పంతులమ్మ. ఊళ్ళో సగం మందికి చెవులు మెలిపెట్టి అక్షరాలు నేర్పిన మనిషి. నోటికి తాళం లేదు, మొహమాటం పుట్టుకతోనే లేదు. పోయిన తన భర్త నల్లకోటు చంకలో పెట్టుకొచ్చి మంచం పక్కన నిలబడి, "లేవండి, దీన్ని చిమ్మెట కొట్టేసింది. మీరు కాక ఎవరు చేస్తారిది?" అని బడిపిల్లవాణ్ణి గద్దించినట్టు గద్దించింది. పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు.

రెండు పూటలు కూర్చుని ఆ కోటు బాగుచేశారు. పంతులమ్మకు ఇచ్చి రమ్మన్నారు. కోటు పట్టుకుని గుమ్మం దాటి ఎండలోకి వచ్చిన కోడలు దాన్ని మడత విప్పి చూసింది. నల్లకోటు మీద ముదురు నీలం దారం. పోగులు తప్పి, బట్ట ముడుచుకుని, నిన్నగాక మొన్న సూది పట్టిన పిల్ల కుట్టినట్టుంది. లోపల ఆయనేమో అన్నాళ్ళ తర్వాత నోరు తెరిచి టీ అడిగి తాగుతున్నారు.

ఆమె పంతులమ్మ ఇంటికి వెళ్ళలేదు. పెరటి దారిన వంటింట్లోకి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టింది.

ఆమెకు ఆ విద్య ఎలా వచ్చిందంటే, అదొక కథ. కాపురానికొచ్చిన కొత్తలో నేర్పమని మామగారినే అడిగింది. ఆయన ఆమె చేతులు చూసి నవ్వారు. "ఎడమచేతి వాటం నీది. ఎడమచేతి సూది నేతకు ఎదురు నడుస్తుందమ్మా. పోగు పక్కకు వాలిపోతుంది, నీకు రాదు," అన్నారు. పక్కనే ఉన్న అత్తగారు అప్పుడేమీ అనలేదు. మర్నాడు మాత్రం వంటింటి తలుపు దగ్గరికి వేసి, ఒక చింకిగుడ్డా సూదీ ఇచ్చి, మొగుడి పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదంతా కోడలికి ధారపోసింది. ఆయన మాటకేంలే, నువ్వు కుట్టు అంది.

ఆ కోటుతో మొదలైంది. అప్పటినుంచీ ఆయన పగలంతా కుట్టడం, రాత్రి భోజనం చేసి ఆయన నిద్రపోయాక ఈమె వంటింటి ట్యూబులైటు కింద విప్పి కుట్టడం. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీకీ పక్కవాళ్ళ మేడ గోడ అడ్డం వచ్చింది. పసుపు బల్బు వెలుతురులో నలుపూ నీలమూ ఒకటే, సూటిపోగూ వాలుపోగూ ఒకటే. ఆయన పొద్దున్నే లేచి నిన్నటి పని మీద వేలు పోనిచ్చి, "ఫరవాలేదు, చెయ్యి ఇంకా ఆడుతోంది," అని తనలో తాను అనుకునేవారు. ఆ మాట అనుకున్న రోజున రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. ఆ రెండు ముద్దల కోసమే ఈమె పాట్లన్నీ.

ఇప్పుడా గదిలోకి పట్టపగలంత వెలుతురు తెస్తానంటున్నాడు మొగుడు.

"వెయ్యనీ అమ్మా," అని వసారాలోంచి మామగారి గొంతు వినిపించింది. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "వాడి ముచ్చట వాడిది. ఊరందరికీ పెట్టినవాడు తండ్రికి పెట్టుకోకూడదూ?"

ఆయన అడిగాక ఇంక కాదనడానికి ఆమెకు నోరెక్కడిది? చెయ్యి తీసింది.

భర్త స్విచ్ ఆర్పి, పాత బల్బును గుడ్డతో పట్టి విప్పి, కొత్తది బిగించి, మళ్ళీ వేశాడు. గది ఒక్కసారి కడిగినట్టయింది. అరలో దారపు ఉండలు ఒక్కొక్కటీ తన అసలు రంగులోకి వచ్చింది. నలుపనుకున్నవాటిలో ఒకటి నలుపు, ఒకటి నీలం, ఇంకొకటి ముదురు గోధుమ.

"ఒరేయ్, ఈ గదిలో ఇన్ని రంగులున్నాయట్రా," అన్నారు మామగారు. చంటిపిల్లాడిలా నాలుగు మూలలా చూసుకున్నారు. కొడుకు భుజం తట్టారు. ఎన్నాళ్ళ తర్వాతో తండ్రి మెచ్చుకున్నాడని దీపాల దొర మొహం ఆ బల్బు కంటే ఎక్కువ వెలిగింది.

అప్పుడాయన అలవాటుగా బల్బు చుట్టూ రెండు చేతులూ పట్టారు. కాసేపు చూశారు.

"ఇంకా వేడెక్కలేదేమిట్రా?"

"ఎక్కదు నాన్నా. ఒకవేళ ఎక్కినా గోరువెచ్చనే. అదే దీని గొప్ప."

"అలాగా," అని ఆయన చేతులు వెనక్కి తీసుకుని, ఒకదానితో ఒకటి రుద్దుకున్నారు. వేళ్ళ మీదికి నోటితో ఊదుకున్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, బల్ల మీద మడత పెట్టి ఉన్న కోటు ముందుకు జరుపుకున్నారు.

పంతులమ్మ కోటే అది. చిమ్మెట మళ్ళీ కొడితే మోచేతి దగ్గర బాగుచేయమని ఇచ్చింది. నిన్ననే పూర్తయింది. సాయంత్రం వచ్చి తీసుకెళతానంది.

"నేను సర్దిపెడతాను, ఇలా ఇవ్వండి మామయ్యా," అని కోడలు చెయ్యి చాపింది.

"ఉండమ్మా. ఇంత వెలుతురొచ్చాక నా పని నేను చూసుకోనా?"

సొరుగులోంచి భూతద్దం తీశారు. మోచేతి దగ్గరి బట్ట బల్బు కిందకు తెచ్చి, మొహం బాగా దగ్గరికి పెట్టి చూశారు. భర్త ఇంకా చెబుతూనే ఉన్నాడు, ఈ బల్బు మనవడి పెళ్ళిదాకా ఉంటుందని. పిల్లలింకా పుట్టనే లేదు, పెళ్ళిదాకా వెళ్ళిపోయాడు. వేరే రోజైతే ఆమె నవ్వి ఉండేది.

మామగారి మొహం మొదట విప్పారింది. "బాగుందే," అన్నారు. ఆ మాటలో ఎంత సంతోషముందంటే, గండం గడిచిపోయిందనే అనుకుంది కోడలు.

తర్వాత వేలు పక్కకు వాలిన ఒక పోగు దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడికే వెళ్ళింది.

"అమ్మా, ఆ కత్తెర ఇలా అందుకో."

ఆమె అందించింది. అందించాక గానీ తెలియలేదు, ఎడమచేత్తో ఇచ్చానని. ఆయన కత్తెర వైపు చూడలేదు. చేతి వైపు చూస్తూ ఉండిపోయారు.

భర్త మాట మధ్యలో ఆగింది. ఏమైందన్నట్టు ఒకసారి తండ్రిని, ఒకసారి పెళ్ళాన్ని చూశాడు.

"ఎప్పట్నించమ్మా?" అన్నారు మామగారు.

ఆమె తల దించుకుంది.

"మీ అత్తకు తెలుసా, నీకీ పని వచ్చని?"

"ఆవిడే నేర్పారు మామయ్యా."

ఆయన తల ఊపారు. చాలాసేపు అలా ఊపుతూనే ఉన్నారు. కోపం తెచ్చుకుంటే బాగుండును, గ్లాసు విసిరినా బాగుండును అనుకుందామె. ఆయన భూతద్దం తుడిచి, పక్కన పెట్టి, "మీరిద్దరూ కాసేపు అవతలికి వెళ్ళండి," అన్నారు. గొంతులో ఏ తేడా లేదు. అదే ఆమెను భయపెట్టింది.

వంటింట్లో మొగుడు నిలదీశాడు. ఆమె మొత్తం చెప్పింది, ఏదీ దాచలేదు. నీలం దారం దగ్గరనుంచి ఈ పొద్దున స్విచ్ దాకా. చెబుతుంటే ఏడుపొచ్చింది గానీ ఆపుకుంది. గోడకు అవతల ఆయనున్నారు.

అతను గిన్నెల బల్లకు ఆనుకుని విన్నాడు. విన్నంతసేపూ చేతిలో పాత బల్బు అలాగే ఉంది.

"ఇంత జరుగుతుంటే నాకొక్క మాట చెప్పలేదు నువ్వు."

"చెబితే ఏం చేసేవారు?"

"ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఇంత రగడ పెట్టుకుని ఈ బల్బు మాత్రం తెచ్చేవాణ్ణి కాదు."

"బల్బు తెచ్చింది మీ గొప్ప కోసమనుకున్నాను. నలుగురూ ఏమంటారోనన్నారుగా."

అతను పాత బల్బును గూట్లో పెట్టి, దానివైపే చూస్తూ చెప్పాడు. పోయిన నెల నాన్నను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. నీకు మాత్రం షికారుకని చెప్పాం. కంటి వెనక నరం పోతోందట, ఆపరేషనుతో అయ్యేది కాదట. ఉన్న చూపు ఉన్నన్నాళ్ళు ఉంటుంది, మంచి వెలుతురులో పని చేసుకోమనండి, ఆ పసుపు బల్బు మాత్రం తీసెయ్యండి అని డాక్టరే చెప్పాడు. నాన్నేమో కోడలికి చెప్పొద్దురా, కంగారుపడుతుంది అన్నారు.

"మీరూ నాకు చెప్పలేదు," అంది ఆమె.

"నువ్వూ నాకు చెప్పలేదు."

దెప్పుకోవడానికి అన్న మాటలు కావవి. ఇద్దరూ ఆ ముసలాయన్ని కంటికి రెప్పలా కాచుకోవాలనుకున్నవాళ్ళే. ఒకరు వెలుతురు తెచ్చి, ఇంకొకరు చీకట్లో దాచిపెట్టి. ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఈ పొద్దు ఇలా తెల్లవారేది కాదు. ఒకే కప్పు కింద ఉంటూ ఒకరికి తెలియకుండా ఒకరు మంచి చేయబోతే జరిగేది ఇదే.

"నాన్నకు నచ్చజెబుతాను," అని అతను లేచాడు. ఆమె చొక్కా పట్టుకుని ఆపింది. ఇప్పుడు వద్దు, ఆయన్ని కాసేపు వదిలెయ్యమంది. భోజనానికి పిలిస్తే తర్వాత అన్నారు. మళ్ళీ పిలిస్తే జవాబు రాలేదు. తలుపు సందులోంచి చూస్తే తెల్లటి వెలుతురులో ఆయన వంగిన వీపు, పైకీ కిందకీ కదులుతున్న మోచెయ్యి కనిపించాయి. కుడుతున్నారు. ఆమె ప్రాణం కొంచెం కుదుటపడింది. కుట్టే మనిషి గోడవైపు తిరగడులే అనుకుంది.

చీకటి పడబోతుండగా పంతులమ్మ వచ్చింది. కోడలు ఎదురు వెళ్ళి, కూర్చోండి, కోటు తెస్తానని లోపలికి నడిచింది. గదిలోకి అడుగుపెట్టిన మనిషి అక్కడే ఆగిపోయింది.

బల్ల నిండా తెగిన పోగులు. ఆమె నిన్న కుట్టిన కుట్టంతా ఆయన ఒక్కో పోగూ విప్పేశారు. విప్పి, పొద్దున్నించీ కూర్చుని తన చేత్తో కొత్తగా కుట్టారు. కోటు ఒళ్ళో పెట్టుకుని దులుపుతున్నారు. దారం ఈసారి నల్లటిదే, ఆ వెలుతురు పుణ్యాన రంగు తప్పలేదు. కుట్టు మాత్రం ముద్దకట్టి, ఒకచోట గట్టిగా లాగి, ఇంకోచోట పోగులు వదిలి, అరచెయ్యంత మచ్చలా బట్ట మీద ఉబ్బి ఉంది. వేడి లేక బిగుసుకున్న వేళ్ళు ఆ కోటు మీద ఇంకా విచ్చుకోలేదు.

"ఆవిణ్ణి ఇక్కడికే పిలు," అన్నారు మామగారు.

"మామయ్యా, ఇవాళకు ఆగుదాం. రేపు ఇద్దామని చెబుతాను."

"పిలవమ్మా. నీ కుట్టు నీదని తెలిసింది కదా. నాదేదో కూడా నాకు తెలియాలి. ఆవిడైతే మొహమాటపడదు, ఉన్నదున్నట్టు చెబుతుంది."

పంతులమ్మ పిలవకుండానే వచ్చింది. ఒకరు పిలిచేదాకా ఆగే అలవాటు ఆవిడకెప్పుడుంది గనక? వస్తూనే, ఏమిటీ దేదీప్యమానం, మీ ఇంట్లోకి సూర్యుణ్ణి అద్దెకు తెచ్చారా అంది. వెనకే వచ్చిన దీపాల దొర నవ్వలేదు. మామగారు కుర్చీలోంచి లేచి నిలబడి, కోటు రెండు చేతులతో అందించారు.

"ఇది నేను కుట్టింది పంతులమ్మగారూ. మీకు తెలుసు, నేను అడగను ఎప్పుడూ. ఇవాళ అడుగుతున్నాను. ఎలా ఉందో నిజం చెప్పండి."

పంతులమ్మ మోచెయ్యి వైపు తిప్పింది. ఆ వెలుతురులో భూతద్దంతో పనేముంది, గుమ్మంలోంచే కనిపిస్తుంది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచింది. ఆ నోరు తెరిస్తే ఎంత మాటొస్తుందో ఊరందరికీ తెలుసు.

కోడలు మామగారి వెనక నిలబడి ఉంది. గబుక్కున రెండు చేతులూ జోడించింది. వద్దు, చెప్పొద్దు అని కళ్ళతోనే బతిమాలింది. ఒక్క క్షణం పట్టలేదు అది. ఆలోచించి చేసింది కూడా కాదు, రోజూ చేస్తున్నదే చేసింది.

పంతులమ్మ ఆమెను చూసింది. ముసలాయన్ని చూసింది. కోటు మోచెయ్యి మెల్లగా లోపలికి మడిచింది.

"మీ చెయ్యి ఏం మారలేదు," అంది. "ఎక్కడ చిరిగిందో నాకే తెలియడం లేదు."

జన్మలో అబద్ధమాడని మనిషికి అబద్ధం ఎలా ఆడాలో తెలియదు. మాట అరువు తెచ్చుకున్నట్టు బయటికొచ్చింది. గొంతు కూడా ఆవిడది కాదు. ఈ ముసలాయన ఎదుట ఆవిడ ఇంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మామగారు ఆవిడ మొహంలోకి చూశారు. వెలుతురు బాగా ఉంది, అన్నీ కనిపిస్తున్నాయి. వెనక్కి తిరిగి కోడలి చేతులు చూశారు. ఆమె ఇంకా వాటిని విడదీయలేదు.

"సంతోషమమ్మా," అన్నారు.

పంతులమ్మ ఆ కోటు గుండెలకు హత్తుకుని, సెలవని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కోడలికి అప్పుడు తట్టింది తను చేసిన పని. ఆవిడ తిట్టి ఉంటే ఈయన ఎగిరిపడేవారు. ఇదేం కుట్టు, సిగ్గులేదా అని ఆవిడంటే, ఉండండి మళ్ళీ కుడతాను చూడండి అని ఈయన పంతం పట్టేవారు. ఆ రోజు మంచం మీంచి లేపింది ఆవిడ గద్దింపే కదా. జాలి కాదు. ఊళ్ళో ఈయన్ని జాలిపడకుండా చూసే మనిషి ఒక్కతే ఉంది, ఆవిడకు కూడా జాలి నేర్పి పంపింది తను.

మామగారు సూదిని సూదుల దిండులో గుచ్చారు. కత్తెర, భూతద్దం సొరుగులో పెట్టారు. బల్ల మీది పోగులన్నీ అరచేత్తో ఊడ్చి, పిడికిట్లో పట్టి, ఎక్కడ వేయాలో తోచనట్టు కాసేపు నిలబడి, జేబులో వేసుకున్నారు. అవి కోడలి కుట్టులోని పోగులు. మెల్లగా మంచం దగ్గరికి నడిచారు.

"టీ పెట్టనా మామయ్యా?" అంది ఆమె.

"వద్దమ్మా."

"పొద్దున్నించీ ఏమీ తినలేదు."

"ఆకలి లేదు."

ఆ మాట విని భర్త గుమ్మం పట్టుకున్నాడు. అత్తగారు పోయాక ఆ గదిలో రోజూ వినిపించిన మాట అది. ఆమె అతని వైపు చూడలేదు, అతను ఆమె వైపు చూడలేదు.

ఆయన పడుకున్నారు. గోడవైపు తిరిగారు.

"లైటు తీసెయ్యమ్మా," అన్నారు. "పని లేని గదిలో లైటెందుకు? కరెంటు దండగ."

దీపాల దొర నోరు తెరిచాడు. అది కరెంటు ఏమంత తినదు నాన్నా, పొద్దస్తమానం వెలిగినా లెక్కలోది కాదు అని వీధి వీధికీ తిరిగి చెప్పిన మాట నాలుక చివర ఉంది. పెదవి దాటి రాలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని తండ్రి వీపు చూస్తూ ఉండిపోయాడు.

కోడలు స్విచ్ దగ్గరికి వెళ్ళింది. పొద్దున ఆర్పనివ్వనని చెయ్యి అడ్డం పెట్టిన స్విచ్చే. ఇప్పుడు ఆర్పడానికి చెయ్యి రావడం లేదు. ఇది ఆరితే రేపు ఎవరు వేస్తారు, ఎవరి కోసం వేస్తారు?

"ఇంకా తియ్యలేదా అమ్మా?" అన్నారాయన, గోడవైపు నుంచే.